ఆరుగురి కుటుంబానికి ఫ్రాన్స్ తీరంలో క్యాంపింగ్: ముందు సముద్రం, తర్వాతే గది

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఆగస్టులో పన్నెండు రోజులు సెలవు పెట్టి, భార్య, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప, గుంటూరు నుంచి వస్తున్న మీ అమ్మానాన్నలతో కలిసి కారులో ఫ్రాన్స్ తీరానికి రావాలనుకుంటున్నారు. నార్మండీలో రెండు రోజులు, బ్రిటనీలో రెండు, బోర్డో దగ్గర మూడు, చివర నీస్‌లో మూడు. టెంటు మంచిదా, మొబైల్ హోమ్ (క్యాంపింగ్ స్థలంలోనే అద్దెకిచ్చే, పడకగదులు, వంటగది ఉన్న రేకుల ఇల్లు) మంచిదా, శాకాహారం వండుకోవడం కుదురుతుందా, నాన్నగారికి పొద్దు ఎలా పోతుంది అన్నవి మీ ప్రశ్నలు.

నేను పద్నాలుగేళ్లుగా ఫ్రాన్స్‌లోని నాంత్‌లో ఉంటున్నాను. పదకొండు వేసవులు క్యాంపింగ్‌లోనే గడిపాం. అందులో మూడుసార్లు మా అత్తమామలు కూడా ఉన్నారు. ఆ చనువుతో చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు: ఆ నాలుగు ఊళ్ల పథకాన్ని పక్కన పడేయండి. ఒక్క ఊరు, ఒక్క క్యాంపింగ్, పది రాత్రులు. రానూపోనూ దారిలో చెరొక రాత్రి. అంతే.

మొదటి ఏడు మేమూ మీలాగే చేశాం. పది రోజుల్లో నాలుగు చోట్ల టెంటు వేసి, తీసి, తడిసిన గుడ్డను కారులో కుక్కి, మళ్లీ వేశాం. తిరిగి వచ్చాక సెలవుల్లో ఏం చూశావని టీచరు అడిగితే మా అమ్మాయి ‘నాన్న మేకులు కొట్టడం చూశాను’ అని చెప్పింది. ఇక్కడివాళ్లు అలా తిరగరు. శనివారం సాయంత్రం దిగుతారు, మరో శనివారం పొద్దున లేస్తారు. మధ్యలో కారు తాళాలు ఎక్కడ పెట్టారో కూడా మరచిపోతారు. 1936లో కార్మికులందరికీ జీతంతో కూడిన రెండు వారాల సెలవు చట్టమైనప్పటి నుంచి ఈ అలవాటు పెరుగుతూ వచ్చింది. 1982 నాటికి ఆ సెలవు ఐదు వారాలైంది. హోటల్ ఖర్చు పెట్టలేనివాళ్లే టెంటులో ఉంటారని మీ అమ్మగారు అనుకోవచ్చు. ఇక్కడ డాక్టరు, బస్సు డ్రైవరు పక్కపక్క స్థలాల్లోనే దిగి, ఒకే తొట్టి దగ్గర గిన్నెలు తోముకుంటారు.

ఇక సముద్రం సంగతి. చాలామంది ముందు ఈతకొలనులు, జారుడుబల్లలు ఉన్న క్యాంపింగ్ వెతికి, ఆ తర్వాత దాని పక్కన ఏ సముద్రం ఉందో చూస్తారు. మీరు తిరగేయండి. మీ ఆరుగురిలో చిన్నది ఐదేళ్ల పాప, పెద్దవారు మీ నాన్నగారు. ఆ ఇద్దరికీ సరిపడే నీళ్లు ఎక్కడ ఉన్నాయో చూస్తే సగం పని అయినట్టే.

దక్షిణాన మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు లేనట్టే. నీళ్లు వెచ్చన. ఆర్జెలెస్ లాంటి చోట ఒక్క ఊళ్లోనే యాభైకి పైగా క్యాంపింగ్‌లు ఉన్నాయి. కానీ ఆగస్టులో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటితే రేకుల గోడల గదిలో పెద్దవాళ్లను కూర్చోబెట్టడం శిక్ష. గుంటూరు ఎండ తప్పించుకుని వచ్చినవాళ్లకు మళ్లీ అదే ఎండ చూపించడం ఎందుకు? నీస్ దగ్గర తీరమంతా గులకరాళ్లు, పాప ఇసుక గూళ్లు కట్టుకోవడానికి ఇసుకే ఉండదు.

బోర్డో వైపు, అంటే జిరోంద్, లాంద్ తీరాల్లో, మైళ్ల పొడవున తిన్నని ఇసుక, వెనక పైన్ అడవి. చూడటానికి అంతకంటే అందమైన తీరం లేదు. అయితే అక్కడ ‘బాయిన్’ అనేవి ఉన్నాయి. తీరానికి ఆనుకుని ఇసుకలో ఏర్పడే లోతులేని మడుగులవి. పిల్లల స్నానానికే తవ్వినట్టు నిశ్చలంగా కనిపిస్తాయి. ఆటు సాగుతున్నప్పుడు ఆ మడుగులోని నీరంతా ఒక సందులోంచి సముద్రంలోకి లాక్కుపోతుంది, దాంతోపాటు మనిషిని కూడా. విశాఖ తీరంలో ఏటా ప్రాణాలు తీస్తున్న లాగుడు ప్రవాహాల జాతే ఇది. అందులో చిక్కితే ఎదురీదకూడదు. తేలుతూ, చెయ్యి పైకెత్తి, అది వదిలే చోటిదాకా పోనివ్వాలి. ఐదేళ్ల పాపకు ఈ పాఠం చెప్పలేం. అటే వెళ్లాలని పట్టుబడితే సముద్రం ఒడ్డున కాకుండా కాస్త లోపలికి, బిస్కరోస్ దగ్గరి మంచినీటి సరస్సుల పక్కన దిగండి. ఇంకొక మాట: 2022 జూలైలో అక్కడి పిలా ఇసుకదిబ్బ కింద అడవి అంటుకుని ఐదు క్యాంపింగ్‌లు కాలిపోయాయి. వేలమందిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. పైన్ అడవుల్లో ఎక్కడ దిగినా మొదటి సాయంత్రమే బయటికి దారులు చూసి పెట్టుకోవాలి. బొగ్గుల కుంపటి చాలాచోట్ల నిషేధం.

ఉత్తర బ్రిటనీ, నార్మండీ తీరాల సమస్య వేరు. మన విశాఖలో పోటుకూ ఆటుకూ తేడా మీటరున్నర అటూ ఇటూ. సెన్ మాలో దగ్గర పెద్ద పోటు రోజుల్లో అది పన్నెండు మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల మేడంత. పొద్దున కాళ్ల దగ్గర ఉన్న సముద్రం మధ్యాహ్నానికి కనుచూపు మేర దూరంలో ఉంటుంది. ఒకసారి మేము చెప్పులు, పులిహోర డబ్బా ఇసుకలో పెట్టి, అలల దాకా నడిచి వెళ్లి, కబుర్లలో పడ్డాం. వెనక్కి వచ్చేసరికి అక్కడ మోకాలి లోతు నీళ్లు. పులిహోర సముద్రుడికి నైవేద్యమైంది.

మీకు నేను చెప్పేది దక్షిణ బ్రిటనీ. మోర్బియాన్ జిల్లాలో కార్నాక్, లా ట్రినితే, కిబెరాన్ ద్వీపకల్పానికి తూర్పు వైపు. ఆ ద్వీపకల్పం చెయ్యి చాపినట్టు సముద్రంలోకి పొడుచుకు వెళ్లి అట్లాంటిక్ కెరటాలను అడ్డుకుంటుంది, దాని వెనక ఉన్న కిబెరాన్ అఖాతం చెరువులా ఉంటుంది. ఆటుపోట్ల తేడా ఐదు మీటర్ల దాకానే. అదే ద్వీపకల్పానికి పడమటి వైపును ‘అడవి తీరం’ అంటారు. చూడటానికే గానీ దిగడానికి కాదు, స్నానం నిషేధం. దాపరికం లేకుండా చెప్పాలంటే ఇక్కడ నీళ్లు చల్లన, ఆగస్టులో కూడా 18, 19 డిగ్రీలు. పదిరోజుల్లో రెండు రోజులు తుంపర పడుతుంది. పిల్లలకు చలి పట్టదు, పెద్దలు ఎలాగూ పాదాలు తడుపుకునేవారే. ఎండ 24, 25 డిగ్రీల్లో ఉంటే మీ అమ్మగారు పొద్దంతా బయట కూర్చోగలరు. ఇది కుదరకపోతే రెండో ఎంపిక వాందే తీరంలో సెన్ జాన్ ద మోం. అక్కడ ఇసుక చాలా మెల్లగా లోతవుతుంది.

ఏ తీరమైనా కాపలా ఉన్న భాగంలోనే దిగండి. ఎరుపు, పసుపు చారల జెండాల మధ్య ఉన్నదే ఆ భాగం. ఆకుపచ్చ జెండా ఉంటే దిగవచ్చు, పసుపు జెండాకు జాగ్రత్త, ఎర్ర జెండా ఉంటే వద్దు. సముద్రంలో ఆపద కనబడితే ఫోనులో 196, మిగతావాటికి 112. ఆటుపోట్ల వేళల చిన్న పుస్తకం క్యాంపింగ్ రిసెప్షన్‌లో అడగండి. అందులో ప్రతి రోజుకూ 20 నుంచి 120 మధ్య ఒక అంకె ఉంటుంది. 95 దాటిన రోజు నీరు బాగా వెనక్కి పోయి, అంత దూకుడుగానూ వస్తుంది. ఆ రోజు ఊళ్లోవాళ్లు బకెట్లు, పారలు పట్టుకుని గుల్లలు ఏరుకోవడానికి బయలుదేరతారు. మీరు తినకపోయినా ఆ తిరునాళ్ల చూడవలసిందే.

ఇప్పుడు తేదీలు. ఈ విషయంలో మీరు ఎంత అదృష్టవంతులో మీకు తెలిసినట్టు లేదు. ఫ్రాన్స్‌లో బడులు సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు, మీ బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో సెప్టెంబరు మధ్య దాకా సెలవులే. జూలై 14 నుంచి ఆగస్టు 15 దాకా ఇక్కడ ధరలు చెట్టెక్కి కూర్చుంటాయి. ఆగస్టు 20 తర్వాత వచ్చే శనివారం నుంచి దిగడం మొదలుపెడతాయి. నేను చూసినంతలో మూడు పడకగదుల మొబైల్ హోమ్ ఆగస్టు మొదట్లో వారానికి 1,200 నుంచి 1,800 యూరోలు అడిగేది, నెలాఖరుకు చాలాచోట్ల 700, 800కు వస్తుంది. ఆగస్టు చివరి వారంలో తీరాన కాపలావాళ్లూ ఉంటారు, పిల్లల ఆటల కార్యక్రమాలూ సాగుతుంటాయి. సెప్టెంబరులోకి వెళ్లేకొద్దీ అవి మూతపడతాయి. అందుకే ఆగస్టు చివరి శనివారాల్లో ఒకటి పట్టుకోండి. అందరూ పారిస్ వైపు తిరుగుముఖం పట్టే రోజుల్లో మీరు ఎదురు దిశలో వెళతారు. బిజోన్ ఫ్యుతే అనే ప్రభుత్వ ట్రాఫిక్ పట్టికలో వెళ్లేవారికి ఒక రంగు, తిరిగివచ్చేవారికి ఒక రంగు ఇస్తారు. నల్ల రంగు వేసిన శనివారం మీ దిశలో ఉంటే బయలుదేరవద్దు.

మీ లెక్కలో ఒక చిన్న పొరపాటు ఉంది. మీరు ఆరుగురు, కారు ఐదుగురిది! ఏడు సీట్ల బండి అద్దెకు తీసుకోవచ్చు. నేనైతే పెద్దవాళ్లను రైలెక్కిస్తాను. స్టుట్‌గార్ట్ నుంచి పారిస్‌కు నేరుగా టీజీవీ అనే అతివేగ రైలు ఉంది, మూడు గంటల పైచిలుకు. గార్ ద లెస్త్ స్టేషన్‌లో దిగి, మెట్రో 4వ లైను ఎక్కితే మారకుండా మోంపర్నాస్ స్టేషన్. అక్కడి నుంచి ఓరే స్టేషన్‌కు ఇంకో మూడు గంటలు. కార్నాక్ అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. మీ ఇద్దరిలో ఒకరు వాళ్లతో రైల్లో, మరొకరు పిల్లలతో కారులో. కారు దారి వెయ్యి కిలోమీటర్లకు పైనే కాబట్టి శుక్రవారం బయలుదేరి రాంస్‌లో రాత్రి ఆగి, శనివారం తెల్లవారుజామునే పారిస్ దాటేయండి. టోల్ రానూపోనూ నూరు యూరోలు దాటుతుంది. బ్రిటనీలోకి వచ్చాక టోల్ ఉండదు.

మీ అమ్మానాన్నలకు జర్మనీ ఇచ్చే షెంగెన్ వీసాతోనే ఫ్రాన్స్ రావచ్చు, వేరే వీసా అక్కరలేదు. సరిహద్దులో ఎవరూ ఆపకపోయినా ఆరుగురి పాస్‌పోర్టులు, మీ నివాస అనుమతి కార్డులు వెంట ఉండాలి. ప్రయాణ బీమా కాగితం ఒకటి ముద్రించి సంచిలో పెట్టుకోండి. అమ్మగారికి ముందే చెప్పండి: ఊరి నుంచి నెయ్యి, పాలకోవా తేకూడదు. పాల పదార్థాలు యూరప్‌లోకి సామానులో తెస్తే విమానాశ్రయంలో తీసి పారేస్తారు.

టెంటా, మొబైల్ హోమా? మీ నలుగురే అయితే టెంటు అనేదాన్ని. ఊరి పురపాలక సంఘం నడిపే క్యాంపింగ్‌లు ఉంటాయి, ‘కాంపింగ్ మునిసిపాల్’ అంటారు. ఆడంబరం లేని శుభ్రమైన చోట్లు, అన్నిటికంటే చౌక. కానీ అర్ధరాత్రి మరుగుదొడ్డికి టార్చిలైటు పట్టుకుని రెండు వందల మీటర్లు నడవమని మీ నాన్నగారికి చెప్పలేం. మొబైల్ హోమ్ తీసుకోండి. అయితే ప్రకటన జాగ్రత్తగా చదవండి. ‘ఆరుగురికి’ అని రాసి, లోపల రెండే పడకగదులు ఉంటాయి. మిగతా ఇద్దరికి వంటగదిలోని సోఫా. ‘ఆరుగురికి, మూడు పడకగదులు’ అన్నదే చూడాలి. పిల్లల గదిలో మంచాలు 70, 80 సెంటీమీటర్ల వెడల్పు, పెద్దవాళ్లు వాటిలో ఒదగరు. గుమ్మం దగ్గర రెండు మూడు మెట్లు ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే చక్రాల కుర్చీ పట్టే వాలు గుమ్మం ఉన్న రకాన్ని అడగండి. పసిపిల్లలతో సహా తలలు లెక్కపెడతారు, ఏడో మనిషిని రానివ్వరు. దుప్పట్లు, తువ్వాళ్లు చాలాచోట్ల ఇవ్వరు. చివరి శుభ్రతకు వేరే రుసుము ఉంటుంది, లేదా మీరే తుడిచి అప్పగించాలి.

నక్షత్రాలు చూసి మోసపోవద్దు. అవి కొలనులు, సౌకర్యాలను బట్టి వచ్చేవి, సముద్రానికి ఎంత దూరమన్న దాన్ని బట్టి కాదు. ‘తీరానికి 800 మీటర్లు’ అని రాస్తే అది కాకి ఎగిరే దూరం కావచ్చు. పటం తెరిచి నడిచే దారి కొలవండి, మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా చూడండి. నా లెక్కలో సముద్రానికి పది నిమిషాల నడకలో ఉన్న మూడు నక్షత్రాల చోటు, అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న అయిదు నక్షత్రాల చోటు కంటే మేలు.

కొలను గురించి ముందే చెప్పకపోతే మీ ఇంట్లో చిన్న యుద్ధం జరుగుతుంది. ఫ్రాన్స్‌లో కొలనులోకి మగవాళ్లు వదులు నిక్కర్లతో దిగనివ్వరు. ఒంటికి అతుక్కునే ఈత చెడ్డీయే ఉండాలి. ఆడవాళ్లు టీషర్టు, లెగ్గింగ్స్‌తో దిగుదామన్నా చాలాచోట్ల వద్దంటారు. పరిశుభ్రత నియమమని బోర్డు చూపిస్తారు, వాదించి లాభం లేదు. సముద్రంలో మాత్రం ఎవరూ అడగరు. మా అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలో నిలబడితే పక్కనున్న ముసలమ్మ వచ్చి, ఆ రంగు ఎంత బాగుందో చేతులతోనే చెప్పి వెళ్లింది.

వంట గురించి భయం వద్దు. కందిపప్పు, కరివేపాకు, పచ్చళ్లు, మినపపిండి స్టుట్‌గార్ట్ నుంచే తెచ్చుకోండి. ఇక్కడి చిన్న ఊళ్లలో దొరకవు. బాస్మతి, ఎర్రపప్పు ఏ సూపర్‌మార్కెట్లోనైనా ఉంటాయి. వారం సంతలో టమాటాలు, వంకాయలు, బీన్స్ తాజాగా దొరుకుతాయి. పచ్చిమిరప మాత్రం వెతుక్కోవాలి. గదిలో గ్యాస్ పొయ్యి ఉందో, కరెంటు పొయ్యి ఉందో ముందే అడిగి, దానికి తగిన కుక్కర్ తెచ్చుకోండి. ఎండుమిర్చి తాళింపు గదిలో వేయవద్దు. పైకప్పుకు పొగ గంట ఉంటుంది. మా గదిలో అది మోగినప్పుడు రెండు వరుసల జనం బయటికి వచ్చారు. ఆ తర్వాత తాళింపంతా అరుగు మీదే, చిన్న గ్యాస్ పొయ్యి మీద.

ఎప్పుడైనా టెంటుతో వస్తే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. స్థలానికి ఇచ్చే కరెంటు చాలాచోట్ల 6 ఆంపియర్లు, అంటే సుమారు 1,380 వాట్లు. 700 వాట్ల రైస్ కుక్కర్ నడుస్తుంది, 2,000 వాట్ల కెటిల్ నడవదు. పోయిన ఫ్యూజును రిసెప్షన్‌వాళ్లే వచ్చి వేయాలి, రాత్రి పదింటికి మా కోసం ఎవరూ రాలేదు. అన్నం సగం ఉడికి ఆగిపోయింది, ఆ రాత్రి అటుకులు, పెరుగు.

బ్రిటనీలో మన నోటికి రెండు చుట్టాలు ఉన్నాయి. ఒకటి ‘లే రిబో’. పాల పక్కనే డబ్బాల్లో అమ్ముతారు. అది మజ్జిగే. ఉప్పు, అల్లం, కరివేపాకు వేస్తే మీ నాన్నగారు తేడా పట్టలేరు. రెండోది నల్ల గోధుమ అని వాళ్లు పిలిచే బక్‌వీట్ (హిందీలో ‘కుట్టు’) పిండితో పెనం మీద పలుచగా పోసే ‘గాలెట్’. దోసెకు అక్కలాంటిది. ‘కోంప్లేత్’ అన్న పేరున్నది అడగవద్దు, అందులో పంది మాంసం, గుడ్డు ఉంటాయి. చీజ్, పుట్టగొడుగులు వేసినది అడిగి, ‘సాన్ వియాంద్, సాన్ పువాసోం’ అని చేర్చండి: మాంసం వద్దు, చేప వద్దు అని. పిండిలో గుడ్డు కలిపారా అని కూడా అడగండి, ఒక్కో అంగడిది ఒక్కో పద్ధతి.

చెంబు మరచిపోవద్దు. ఉమ్మడి మరుగుదొడ్లలో కొన్నిచోట్ల కాగితం కూడా ఉండదు, మీదే తీసుకెళ్లాలి.

ఇక నాన్నగారి కాలక్షేపం. కార్నాక్‌లో మూడు వేలకు పైగా నిలువురాళ్లు బారులు తీరి ఉన్నాయి. ఆరేడు వేల ఏళ్ల నాడు ఎవరు ఎందుకు నిలబెట్టారో ఈనాటికీ తేలలేదు. 2025లో యునెస్కో జాబితాకెక్కాయి. వేసవిలో కంచె లోపలికి గైడుతోనే పంపుతారు, చుట్టూ ఉన్న బాట మీద నడవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. అదొక పూట. కిబెరాన్ నుంచి పడవలో ముప్పావుగంట దూరంలో బెల్ ఇల్ ద్వీపం, అదొక రోజు. మిగతా సాయంత్రాలకు పెతాంక్ ఉంది. ఇనుప గుండ్లను చిన్న చెక్క గోళీకి దగ్గరగా విసిరే ఆట. గోళీలాట, పొలం గట్టు మీద పంతాలు తెలిసిన మనిషికి నేర్పక్కరలేదు. మా మామగారికి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. మూడో రోజుకల్లా అయిదు కొట్టగానే టోపీ పెట్టుకుని బయలుదేరేవారు. ఎవరి గుండు దగ్గరో తేలకపోతే కొలవడానికి టేపు ఆయన దగ్గరే ఉండేది. గుండ్లు కొనకండి, మోయలేరు. పేరు రాసి ఇస్తే రిసెప్షన్‌లో అరువిస్తారు.